పెద్ద వయసు కుక్కల జంట, షెల్టర్ చాలా దూరం: తెచ్చుకోవచ్చా?

పగలువెన్నెల

అందరికీ నమస్కారం. ఇక్కడి పోస్టులు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా కుక్క పోయాక ఇంకోదాన్ని తెచ్చుకోవడానికి మనసు ఒప్పలేదు. ఇన్నాళ్లకు కుదుటపడింది. కూనను పెంచే ఓపిక మాకు లేదు, పైగా పెద్ద వయసు కుక్కల్ని ఎవరూ అడగరని తెలుసు. అందుకే వాటికోసమే వెతికాం. ఒక షెల్టర్ వాళ్లు పెట్టిన వీడియో కంటపడింది. చుక్కి అని తొమ్మిదేళ్ల ఆడకుక్క, భీముడు అని పదకొండేళ్ల మగకుక్క. ఒకే ఇంట్లో పెరిగాయట. చూసుకునే పెద్దాయన కాలం చేశాక షెల్టర్‌కు చేరాయి. తీసుకుంటే రెండింటినీ తీసుకోవాలి, విడదీసి ఇవ్వం అంటున్నారు.

వీడియోలో భీముడికి గోళ్లు కత్తిరిస్తున్నారు. వాడు వణుకుతున్నాడు. చుక్కి వచ్చి వాడి వీపు మీద గడ్డం ఆనించి, పని అయ్యేదాకా కదలకుండా నిలబడింది. అప్పటి నుంచి నాకు వేరే కుక్కల ఫొటోలు చూడబుద్ధి కావడం లేదు.

షెల్టర్ మాకు పగలూ రాత్రీ ప్రయాణమంత దూరం. ఒకసారి చూసి రావడానికి, మళ్లీ తెచ్చుకోవడానికి అని తిరగడం మా వల్ల కాదు. చూడకుండా ఏం అడగాలి, ఎలా తెచ్చుకోవాలి? మా ఆయన టెన్షన్ వేరు. రెండూ పెద్దవే కదా, ఒకదాని వెనక ఒకటి పోతే తట్టుకుంటామా అని.

కంచెబయట

మీ మనసు మంచిదండీ. అయినా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వీడియో చూసి రెండు కుక్కల బాధ్యత నెత్తినెత్తుకోవద్దు. ఒకే గదిలో పెట్టిన కుక్కలు పక్కపక్కన పడుకుంటే చాలు, "విడదీయరాని జంట" అని రాసేసే చోట్లు ఉన్నాయి. దానివల్ల నష్టపోయేది కుక్కలే. విడిగా అయితే రెండింటికీ ఇల్లు దొరికేది, జంట అన్న షరతుతో రెండూ అక్కడే ముసలివైపోతాయి. నిజంగా విడదీయకూడనివేనా అన్నది ముందు తేల్చుకోండి.

షెల్టర్‌సాయంత్రాలు

కంచెబయట గారు అన్నదాంట్లో నిజం ఉంది. నేను షెల్టర్‌లో సాయంత్రాలు పనిచేస్తాను కాబట్టి మేం ఎలా చూస్తామో చెబుతాను.

కలిసి పడుకోవడం, ఒకదాన్నొకటి నాకడం, ఇవి సరిపోవు. ఒకదాన్ని వాకింగ్‌కు తీసుకెళ్లి, మిగిలినదాన్ని గమనిస్తాం. కాసేపు గుమ్మం వైపు చూసి, మూలిగి, తర్వాత నీళ్లు తాగి పడుకుంటే అది స్నేహం. విడివిడిగా ఇచ్చినా సర్దుకుంటాయి. నోటి నుంచి చొంగ కారుతూ, అటూ ఇటూ తిరుగుతూ, ఇష్టమైన తిండి పెట్టినా మూతి తిప్పుకుంటే, జత తిరిగొచ్చాక కూడా చాలాసేపు ఒగర్పు తగ్గకపోతే, అది వేరే సంగతి. ఒకసారి చూసి తేల్చం. రోజులో వేర్వేరు వేళల్లో, వేర్వేరు మనుషుల దగ్గర చూస్తాం.

బయటకెళ్లిన కుక్క ఎలా ఉందో కూడా అడగండి. చాలామంది ఇది మర్చిపోతారు. రెండింట్లో ఒకటే రెండోదాన్ని పట్టుకుని వేలాడుతుండవచ్చు. రెండోది విడిగా ఉన్నప్పుడే హాయిగా ఉంటుంది. అలాంటి జంటను కలిపి ఉంచడం ఆ రెండోదానికి అన్యాయం.

ఇంకొకటి, పెద్ద వయసు జంటల్లో నేను పదేపదే చూసింది. చూపు తగ్గినదానికి, చెవులు వినబడనిదానికి రెండోది దారి చూపిస్తుంటుంది. కలిసి ఉన్నంతసేపూ ఆ లోపం బయటపడదు. విడిగా తీసుకెళ్తేనే తెలుస్తుంది. ఈ పరీక్ష చేయించి, వీడియో తీసి పంపమనండి. మంచి షెల్టర్ అయితే కాదనరు. ఒకవేళ నప్పకపోతే వెనక్కి తీసుకుంటారా, తీసుకుంటే రెండింటినీ కలిపేనా అన్నది కాగితం మీద రాయించుకోండి.

మందులచీటీ

పశువైద్యంలో ఉన్నాను. చూడకుండా తెచ్చుకునేటప్పుడు మీ కళ్లు మీ చేతిలోని రిపోర్టులే.

రెండింటి బరువూ ముందు అడగండి. పదకొండేళ్లు అన్న మాట ఒక్కటే చాలదు. చిన్న జాతి కుక్కకు ఆ వయసులో ఇంకా ఏళ్లు మిగిలి ఉంటాయి. భారీ జాతి కుక్కలు ఏడేళ్లకే పెద్ద వయసులోకి వస్తాయి, వాటికి పదకొండు అంటే బాగా ముసలితనం.

రక్తపరీక్షతో పాటు మూత్ర పరీక్ష తప్పనిసరి. కిడ్నీల పని దాదాపు ముప్పాతిక వంతు దెబ్బతింటే గానీ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటకు పంపాల్సిన వ్యర్థం) పెరగదు. మూత్రం చిక్కదనం అంతకంటే ముందే తగ్గడం మొదలవుతుంది. ఎస్‌డీఎంఏ అనే పరీక్ష కూడా క్రియాటినిన్ కంటే ముందే హెచ్చరిస్తుంది, వీలైతే చేయించమనండి. గుండె చప్పుడులో తేడా ఉందా అని విని రాయమనండి. హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు), పిడుదుల జ్వరాల పరీక్షలు చేయించాలి. హార్ట్‌వార్మ్ మామూలు పరీక్షలో పట్టుబడేది ఎదిగిన ఆడ పురుగులే. సోకాక ఆరు నెలల దాకా నెగెటివ్ రావచ్చు, కాబట్టి మీ దగ్గరికి వచ్చాక ఇంకోసారి చేయించండి.

పెదవి ఎత్తి లోపలి దంతాల ఫొటో తీసి పంపమనండి. పెద్ద కుక్కల్లో ఎక్కువగా కనబడే జబ్బు నోట్లోనే ఉంటుంది, దాని ఖర్చే చాలామందిని కంగారు పెడుతుంది. కళ్లలో నీలంగా మసక కనబడితే శుక్లమే అనుకోకండి. వయసుతో కంటికటకం గట్టిపడితే అలా కనబడుతుంది, చూపు పెద్దగా తగ్గదు. నడక వీడియో కూడా అడగండి: పడుకున్న చోటు నుంచి లేచి, పది అడుగులు వేసి, తిరిగి రావాలి. లేచేటప్పుడు వెనక కాళ్లు ఎలా కూడదీసుకుంటుందో చూస్తే కీళ్ల సంగతి సగం తెలిసిపోతుంది.

తోకచుక్క

డబ్బు గురించి ఒక్క మాట. రెండు కుక్కలంటే ఖర్చు రెండింతలే అనుకుంటాం. పెద్ద వయసులో ఇద్దరికీ ఒకే నెలలో ఏదో ఒకటి రావచ్చు. ఇన్సూరెన్స్ ఉన్న చోట కూడా అప్పటికే ఉన్న జబ్బులను సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. తెచ్చుకోకముందే వీటికోసం కొంత పక్కన పెట్టుకోండి. జంటలకు పళ్ల వైద్యం చేయించే పంపే షెల్టర్లు ఉన్నాయి, అడిగితే పోయేదేమీ లేదు.

పగలువెన్నెల

అందరికీ ధన్యవాదాలు. మీరన్నవన్నీ వాళ్లకు రాశాను. చిరాకు పడతారనుకున్నాను, అలాంటిదేం లేదు. వీడియోలు పంపారు.

భీముణ్ని బయటకు తీసుకెళ్తే చుక్కి కాసేపు తలుపు దగ్గర నిలబడి, తర్వాత దుప్పటి మీద పడుకుంది. చుక్కిని తీసుకెళ్తే మాత్రం భీముడు గోడ వెంబడే తిరుగుతూనే ఉన్నాడు. బిస్కెట్ ముట్టలేదు. చుక్కి వెనక్కి వచ్చాక దాని చెవులు వాసన చూసి, పక్కనే చతికిలబడ్డాడు. చుక్కి వాడి నుంచి తప్పించుకోవాలని చూడదట, తిరిగొస్తే తోకూపుతూ వాడి దగ్గరికే వెళ్తుందట.

చుక్కి కిడ్నీలు, గుండె బాగున్నాయి. పళ్లు బాగా పాడయ్యాయి. భీముడికి వెనక కాళ్లు పట్టేస్తున్నాయి, మిగతావి వయసుకు తగ్గట్టే ఉన్నాయన్నారు. రెండూ మధ్యరకం, బరువు చెరో పద్దెనిమిది కిలోల దాకా ఉంటుంది. నప్పకపోతే ఇద్దర్నీ కలిపే వెనక్కి తీసుకుంటామని రాసిచ్చారు.

మేం తెచ్చుకుంటున్నాం. మా ఆయన కూడా నడక వీడియో మళ్లీ మళ్లీ చూస్తున్నారు. విమానంలోనా, కారులోనా అన్నదే తేలలేదు.

కంచెబయట

భీముడి వీడియో గురించి చదివాక నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ఈ జంటను కలిపే ఉంచాలి. శుభం అక్కా.

దూరపుదారి

కుక్కలను షెల్టర్ల నుంచి కొత్త ఇళ్లకు చేర్చే పనిలో ఉన్నాను. నా ఓటు కారుకే.

విమానమైతే, సరుకుగా పంపే జంతువులకు ఐఏటీఏ (అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం) నిబంధన ఉంది. ఒకదానితో ఒకటి మెలిగే అలవాటున్న, దాదాపు ఒకే సైజు ఉన్న రెండు ఎదిగిన కుక్కలను ఒకే పెట్టెలో పెట్టాలంటే ఒక్కొక్కటి 14 కిలోలు దాటకూడదు. మీవి దాటాయి కాబట్టి చెరో పెట్టెలో వెళ్తాయి. చుక్కి కనబడకుండా, ఆ మోతలో భీముడు అన్ని గంటలు ఉండాలి. మత్తు ఇస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. విమానంలో మత్తు మంచిది కాదు, రక్తపోటు పడిపోతుంది, ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి తగ్గుతుంది. ఎవరో తెలియని మనిషి చేతికి పెట్టె అప్పగించాక లోపల ఏం జరుగుతోందో చూసేవాళ్లుండరు.

కారులో మీ ఇద్దరూ వెళ్లండి, ఒకరు నడిపితే ఒకరు వెనక కూర్చోవచ్చు. రెండు మూడు గంటలకోసారి ఆగండి. భీముడి కీళ్లకు అది మరీ అవసరం. కింద మందపాటి పరుపు వేయండి, జారకూడదు. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టొద్దు, నీళ్లు మాత్రం కొంచెం కొంచెంగా పడుతుండాలి. వాంతి చేసుకునే అలవాటుంటే డాక్టరును అడిగి మారోపిటెంట్ తీసుకోండి. భయం తగ్గించే మందు ఇవ్వాలనుకుంటే షెల్టర్‌లో ఉండగానే ఒకసారి ఇచ్చి చూడమనండి. దారిలో మొదటిసారి వేయకూడదు. అక్కడ పడుకున్న దుప్పటి ఉతక్కుండా ఇమ్మనండి. ఆగిన చోట కుక్కలను కారులో వదిలి ఇద్దరూ దిగొద్దు. బయట 24 డిగ్రీలే ఉన్నా, మూసిన కారులో పది నిమిషాల్లో 34 దాకా పోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. నేను చూసినంతలో ఇలాంటి ప్రయాణాల్లో కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా కారు తలుపు దగ్గరే. మీరు కొత్త, చోటు కొత్త, భయంతో ఉన్న కుక్క వెనక్కి లాగిందంటే మెడపట్టీ తలమీదుగా జారిపోతుంది. ఒక్కోదానికి ఛాతీకి హార్నెస్ ఒకటి, మెడకు బిగుసుకునే తాడు ఒకటి, రెండు పట్టీలూ ఒకే చేతిలో చుట్టుకుని ఉండాలి. నాలుగు పట్టీలూ చేతుల్లోకి వచ్చాయని ఇద్దరూ పైకి అనుకున్నాకే తలుపు తీయండి. ఒక్కో మనిషికి ఒక్కో కుక్క. ఖర్మకాలి ఒకటి తప్పించుకుంటే వెంటపడొద్దు, పిలుస్తూ పరిగెత్తొద్దు. రెండోదాన్ని పట్టుకుని అక్కడే నేల మీద కూర్చోండి. తన జత కోసం తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ.

మైక్రోచిప్ 15 అంకెల నంబరు బయల్దేరే ముందే మీ పేరు మీదికి, మీ ఫోన్ నంబరుకు మార్పించండి. ఇంటికి చేరాక చూద్దాంలే అనుకుంటే, దారిలో దొరికిన కుక్కకు షెల్టర్ నంబరే కనబడుతుంది.

నిద్రగన్నేరు

ఇంటికొచ్చాక ఏం చేయాలో నేను చెబుతాను. మేం కూడా పెద్ద వయసు జంటనే తెచ్చుకున్నాం.

తోడు ఉంది కదా, త్వరగా సర్దుకుంటాయిలే అనుకుంటారు. 1996లో వచ్చిన ఒక పరిశోధన చదవదగ్గది. అందులోవి 7 నుంచి 9 ఏళ్ల కుక్కలు, జతలుగా ఒకే చోట ఉంటున్నవి. తెలిసిన చోట జత లేకుండా నాలుగు గంటలు ఉంచినా ఒత్తిడి హార్మోన్లు పెరగలేదు. కొత్త చోటికి తీసుకెళ్తే పెరిగాయి, పక్కన జత ఉన్నా పెరిగాయి. రోజూ చూసుకునే మనిషి దగ్గరుంటే మాత్రం పెరగలేదు. ఆ కుక్కలన్నీ భీముడంతగా అల్లుకుపోయినవి అయి ఉండకపోవచ్చు. అయినా కొత్త ఇంట్లో మొదటి రోజుల్లో మీరు ఇంట్లో ఉండడం ఎంత అవసరమో దీన్నిబట్టి చూడండి. ఇద్దరూ ఒకరికొకరున్నారని వదిలేసి ఆఫీసుకు వెళ్లిపోవద్దు.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతుంటారు. మూడు రోజులు బిక్కుబిక్కుమంటాయి, మూడు వారాలకు ఇంటి పద్ధతి పట్టుబడుతుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటాయి. ఉజ్జాయింపు లెక్క అది, పెద్ద కుక్కలకు ఇంకా ఎక్కువే పట్టవచ్చు. మొదట్లో చుట్టాలు, స్నానాలు, బజారు తిప్పడాలు వద్దు. షెల్టర్‌లో పెట్టిన తిండే పెట్టి, తర్వాత వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి.

గిన్నెలు వేరువేరు గదుల్లో పెట్టండి. ఎంత ప్రాణస్నేహితులైనా సరే. తోడు పక్కనుంటే ఆత్రంగా మింగే కుక్క ఉంటుంది, తన వాటా వదిలేసే కుక్కా ఉంటుంది. ఎవరు తిండి మానేశారో తెలియాలన్నా గిన్నెలు వేరుగా ఉండాల్సిందే.

ఇల్లు అలవాటయ్యాక రోజూ కాసేపు ఒక్కొక్కరితో విడిగా గడపండి. ముందు ఒకే గదిలో అడ్డుకంచె అటూ ఇటూ, తర్వాత పక్క గది, తర్వాత చిన్న వాకింగ్. విడిగా ఉన్న ఆ కాసేపే బాగా ఇష్టమైనది ఏదైనా పెట్టాలి. ఇది జంటను విడదీయడం అనిపిస్తుంది చాలామందికి. ఏదో ఒక రోజు ఒకదాన్ని ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తుంది. రెండోదానికి ఆ రోజే మొదటిసారి ఒంటరితనం తెలియకూడదు.

ఒంటరిగువ్వ

మీ ఆయన అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెబుతాను.

మా జంటలో ఒకటి పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి, రెండోదాన్ని వాసన చూడనిచ్చాం. వాడు దగ్గరికి వెళ్లి, చెవి దగ్గర ముక్కు పెట్టి, కాసేపు నిలబడి, పక్కకు వెళ్లి పడుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు గుమ్మం దగ్గరే నిద్రపోయేవాడు. తిండి తగ్గింది. 2022లో ఇటలీలో 426 మంది యజమానులను అడిగి చేసిన ఒక పరిశోధనలో, ఒక కుక్క పోయాక రెండోదాని తీరు మారిందని 86 శాతం మంది చెప్పారు. ఆట తగ్గడం, మనుషుల చుట్టూ తిరగడం, ఎక్కువ నిద్రపోవడం, తిండి తగ్గడం వంటివి. మా వాడిలో ఇవన్నీ చూశాను.

వాడికి సాయపడింది వేళ తప్పని దినచర్య. అదే టైముకు తిండి, అదే దారిలో నడక. వెంటనే ఇంకో కుక్కను తేలేదు. రెండు రోజులు అసలేమీ తినకపోతే మాత్రం బెంగ అనుకుని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి, పెద్ద కుక్కకు అది జబ్బు కూడా కావచ్చు.

తట్టుకుంటారా అంటే, కష్టంగా తట్టుకుంటారు. వాటికి ఆ రోజు ఎలాగూ వస్తుంది. షెల్టర్ గచ్చు మీద వస్తుందా, మీ ఇంట్లో వస్తుందా అన్నది మాత్రం మీ చేతుల్లో ఉంది. మా వాడు ఇప్పుడు నా కాళ్ల దగ్గరే ఉన్నాడు.

పగలువెన్నెల

ఒంటరిగువ్వ గారూ, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. ఆయనేం మాట్లాడలేదు. లేచి వెళ్లి కారు వెనక సీటు కొలతలు తీసుకున్నారు.

ఇది ఇంటికొచ్చాక రాస్తున్నాను. దూరపుదారి అన్నా, నాలుగు పట్టీల మాట ఎంత అవసరమో మొదట ఆగిన చోటే తెలిసింది. లారీ హారన్‌కు చుక్కి ఒక్కసారిగా వెనక్కి లాగింది, హార్నెస్ భుజం దాకా జారింది. మెడ తాడు పట్టి ఉంచింది. తిండి, నిద్ర బాగానే ఉన్నాయి. చుక్కి అప్పుడే సోఫా ఎక్కేస్తోంది.

రెండు విషయాలు అడగాలి. రాత్రిళ్లు భీముడు లేచి గోడ వెంట తిరుగుతున్నాడు, మూలలో ఆగి నిలబడిపోతాడు. రెండోది, విడిగా ఉంచడం మొదలుపెట్టాకే తెలిసింది, వాడికి చెవులు దాదాపు వినబడవు. డోర్‌బెల్ మోగితే చుక్కి లేస్తుంది, చుక్కిని చూసి వాడు లేస్తాడు. చుక్కి పక్క గదిలో ఉన్నప్పుడు నేను వెనక నుంచి గిన్నె కింద పడేసినా చెవి కదపలేదు. షెల్టర్‌సాయంత్రాలు గారు అన్నట్టే అయింది.

మందులచీటీ

రాత్రి తిరగడం, మూలలో ఇరుక్కున్నట్టు నిలబడడం వయసుతో వచ్చే మతిమరుపు లక్షణం కావచ్చు. ఆ పేరు పెట్టేముందు నొప్పి సంగతి తేల్చుకోవాలి. కీళ్లు నొప్పిగా ఉన్న కుక్కకు ఒకే భంగిమలో ఎక్కువసేపు పడుకోవడం కుదరదు, అందుకే లేచి తిరుగుతుంది. మూత్రం ఎక్కువగా వస్తోందా, చీకట్లో చూపు ఆనుతోందా అన్నవి కూడా చూడాలి. డాక్టరు దగ్గర నొప్పి మందు కొన్నాళ్లు వాడి చూడండి, తేడా తెలుస్తుంది. మనుషులు వేసుకునే పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ పొరపాటున కూడా వేయొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. గచ్చు నున్నగా ఉంటే వాడు పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, తలుపు దాకా జారని మ్యాట్లు పరవండి. రాత్రికి చిన్న లైటు ఉంచండి.

షెల్టర్‌సాయంత్రాలు

చెవుల సంగతికి చేతి సైగలు నేర్పండి, పెద్ద కుక్కలు బాగా నేర్చుకుంటాయి. అరచేయి చూపితే ఆగు, చేయి ఊపితే రా. నిద్రలో ఉన్నప్పుడు వెనక నుంచి తాకొద్దు, ఉలిక్కిపడి కరవచ్చు. నేల మీద కాలితో తట్టండి, ఆ అదురుకు లేస్తాడు. లేదా ముక్కు ముందు చేయి పెట్టండి, వాసనకు మెలకువ వస్తుంది. తాడు విప్పి ఎక్కడా వదలొద్దు.

పగలువెన్నెల

నొప్పి మందు మొదలుపెట్టాక రాత్రి తిరగడం బాగా తగ్గింది. ఒకసారి లేచి నీళ్లు తాగి పడుకుంటున్నాడు. అరచేయి సైగ వచ్చేసింది. చేయి ఊపితే మాత్రం ముందు చుక్కి పరిగెత్తుకొస్తుంది, దాని వెనక వాడు.

చుక్కికి పళ్లు తీయించాలి, అదీ మత్తు ఇచ్చి. వయసు తొమ్మిదైనా రక్తపరీక్షలు, గుండె బాగుంటే భయం లేదన్నారు డాక్టరు. ఆ రోజంతా భీముణ్ని ఏం చేయాలి? ఇంట్లో ఉంచాలా, వెంట తీసుకెళ్లాలా?

నిద్రగన్నేరు

ఆసుపత్రిలో కూర్చోబెడితే వాడికి కొత్త చోటు, జత కనబడదు, పైగా కుక్కల అరుపులు వినబడకపోయినా భయం వాసనలు తెలుస్తాయి. ఇంట్లోనే ఉంచండి, ఇద్దరిలో ఒకరు వాడి పక్కనే ఉండండి. చుక్కి దుప్పటి వాడి దగ్గర వేయండి. సాయంత్రం తెచ్చాక వెంటనే మీద పడనివ్వకుండా అడ్డుకంచె వెనక నుంచి చూపించండి. మత్తు పూర్తిగా దిగేదాకా చుక్కికి తూలుగా ఉంటుంది, నోరు నొప్పిగా ఉంటుంది.

పగలువెన్నెల

అలాగే చేస్తాం. మా ఆయన ఆ రోజుకు సెలవు పెట్టారు, చుక్కితో నేను వెళ్తాను. అప్పటిదాకా భీముణ్ని అడ్డుకంచె అవతల ఉంచే సమయం రోజూ కొంచెం కొంచెం పెంచుతున్నాం. నిన్న చుక్కి లేకుండానే వాడు బిస్కెట్ తిన్నాడు.